బార్బర్ షాపులో బీపీ మిషన్: అమెరికా నల్లజాతి మగవాళ్ళతో ఆరోగ్యం గురించి మాట కలపడం ఎలా

డెట్రాయిట్, షికాగో, అట్లాంటా, బ్రూక్లిన్ ఆసుపత్రుల్లో పనిచేసే తెలుగు డాక్టర్లకీ నర్సులకీ ఫార్మసిస్టులకీ ఈ పేషెంటు బాగా తెలుసు. యాభై దాటిన నల్లజాతి మగమనిషి. బీపీ 168/102. ఎలా ఉన్నారంటే "ఐయామ్ గుడ్". నొప్పులేమైనా ఉన్నాయా అంటే "నో". మాత్రలు వేసుకుంటున్నారా అంటే "యా". అక్కడితో సరి. ఆయన వెళ్ళిపోయాక చార్టులో "చెప్పిన మాట వినడు" అనే అర్థం వచ్చే వాక్యం ఒకటి చేరుతుంది. మళ్ళీ ఆరునెలల దాకా మనిషి కనపడడు.

ఆయనకి మాటలు రాక కాదు. అదే మనిషి శనివారం బార్బర్ షాపులో కూర్చుంటే బాస్కెట్‌బాల్ నుంచి ఇంటి అద్దెల దాకా గంటసేపు మాట్లాడతాడు. ఎవరితో చెబుతున్నాడు, ఎక్కడ చెబుతున్నాడు, చెప్పాక ఏమవుతుంది అన్న మూడింటిలోనే తేడా అంతా ఉంది. మీరు క్లినిక్‌లో పనిచేసేవారైనా, ఊళ్ళో హెల్త్ క్యాంపు పెట్టే వలంటీర్లైనా ఆ మూడూ సరిచూసుకోవలసిందే.

ముందు మీ వైపు నుంచి

మాట్లాడకపోవడానికి కారణం మగతనపు పట్టుదల అనుకుంటే మొదటి అడుగే తప్పుతుంది. అది కొంత ఉంటుంది, మన మావయ్యల్లో బాబాయిల్లో ఉన్నంత. దాని కింద అనుభవంతో వచ్చిన జాగ్రత్త ఉంది. అలబామాలోని టస్కీగీలో 1932 నుంచి 1972 దాకా అమెరికా ప్రభుత్వ ఆరోగ్యశాఖ సిఫిలిస్ అనే సుఖవ్యాధి ఉన్న 399 మంది నల్లజాతి మగవాళ్ళను వైద్యం చేయకుండా గమనిస్తూ కూర్చుంది. 1940ల చివరికల్లా పెన్సిలిన్ అందుబాటులోకి వచ్చినా వాళ్ళకు ఇవ్వలేదు. ప్రభుత్వం తరఫున అధ్యక్షుడు క్లింటన్ క్షమాపణ చెప్పింది 1997లో. ఇది పాతకథ అనుకోకండి. 2016లో వర్జీనియా విశ్వవిద్యాలయంలో తెల్లజాతి మెడికల్ విద్యార్థుల్నీ, శిక్షణలో ఉన్న డాక్టర్లయిన రెసిడెంట్లనీ అడిగితే, నల్లవాళ్ళ చర్మం మందమనేలాంటి అబద్ధాల్లో కనీసం ఒకదాన్ని నమ్మినవాళ్ళు దాదాపు సగం మంది తేలారు. నొప్పి అని చెప్పినా నమ్మని చోట నొప్పి గురించి చెప్పడం ఎందుకు?

అందుకని టస్కీగీ గురించి మీరు ఉపన్యాసం ఇవ్వమని కాదు. ఆయన ఎత్తితే "అవును, అలా జరిగింది" అని ఒప్పుకుని ఊరుకోండి. "ఇప్పుడు అలాంటివి జరగవులెండి" అనకండి. ఆ భరోసా ఇవ్వడానికి మీరెవరు అని ఆయనకు అనిపిస్తుంది, అనిపించడంలో తప్పు లేదు.

మన వాళ్ళకి ప్రత్యేకంగా ఒక మాట. పేషెంటు ముందు సాటి తెలుగువాళ్ళతో తెలుగులో మాట్లాడకండి, లిఫ్టులో కూడా. భాష అర్థం కాకపోయినా తన గురించే అనుకుంటున్నారని ముఖాలు చూసి తెలిసిపోతుంది. చర్మం రంగు గురించి మన ఇళ్ళలో వాడే మాటలు ఎలాంటివో మనకి తెలుసు. అవి డ్యూటీ గదిలో సరదాగా దొర్లినా గొంతులో జాడ మిగులుతుంది.

పిలుపు దగ్గర జాగ్రత్త పడండి. ఇంటిపేరుతో "మిస్టర్" అనే పిలవండి, తనంతట తాను మొదటి పేరు పెట్టి పిలవమనే దాకా. పెద్ద వయసు నల్లజాతి మగవాళ్ళని తెల్లవాళ్ళు మొదటి పేరుతోనో "బాయ్" అనో పిలిచిన కాలం దక్షిణాది రాష్ట్రాల నుంచి వచ్చినవాళ్ళకి బాగా గుర్తు. చనువు కోసమని "బ్రో" అంటే మరీ ఎబ్బెట్టు.

చోటు: బార్బర్ షాపు ఎందుకు

క్లినిక్‌లో పదిహేను నిమిషాలు, అదీ ప్రతిసారీ కొత్త డాక్టరు. బార్బరు మాత్రం పదేళ్ళుగా ఒక్కడే, రెండుమూడు వారాలకోసారి తప్పనిసరి. లాస్ ఏంజెలెస్‌లో సీడార్స్ సైనై ఆసుపత్రి కార్డియాలజిస్టు రొనాల్డ్ విక్టర్ దీన్నే పట్టుకున్నారు. ఫలితాలు 2018లో వచ్చాయి. 52 షాపులు, బీపీ అదుపులో లేని 319 మంది నల్లజాతి మగవాళ్ళు. సగం షాపుల్లో బార్బర్లు బీపీ గురించి మాట్లాడి, ఉప్పు తగ్గించమని, డాక్టరు దగ్గరికి వెళ్ళమని చెప్పారు. మిగతా షాపుల్లో బార్బరు మాట కలిపాక ఫార్మసిస్టు షాపుకే వచ్చి, డాక్టర్లతో ముందే చేసుకున్న ఒప్పందం ప్రకారం మందులు రాశారు. ఆరునెలలకి మొదటి గుంపులో పైఅంకె సగటున 9 పాయింట్లు తగ్గింది. రెండో గుంపులో 27. రెండో గుంపులో 130/80 కన్నా కిందికి వచ్చినవాళ్ళు నూటికి 63 మందికి పైగా. మొదటి గుంపులో 12 మంది కూడా లేరు.

ఈ అంకెలు మళ్ళీ చదవండి. నమ్మకమైన మనిషి మంచిమాట చెబితే 9. ఆ మాట వెంటనే అదే కుర్చీ దగ్గర వైద్యం దొరికితే 27. మాట్లాడించి వదిలేసే కార్యక్రమాలు ఎందుకు తేలిపోతాయో దీన్ని బట్టి తెలుస్తుంది.

షాపులో ఎలా మొదలుపెట్టాలి

యజమానితో మాట్లాడటానికి శుక్ర, శనివారాల్లో వెళ్ళకండి. అవి వాళ్ళ సంపాదన రోజులు. చాలా షాపులకి ఆది, సోమవారాల్లో సెలవు. మంగళవారమో బుధవారమో మధ్యాహ్నం వెళ్ళండి. బ్యానరు, కరపత్రాలు పట్టుకెళ్ళకండి. "నెలకు రెండు రోజులు, మూడేసి గంటలు, ఓ మూల కుర్చీ చాలు. మీ కస్టమర్ల పేర్లు ఎక్కడికీ పోవు. ఏడాది పాటు వస్తాం" అని చెప్పండి. ఏడాది రాలేకపోతే అడగనే అడగకండి. ఒక రోజు వచ్చి ఫోటోలు దిగి మాయమైనవాళ్ళని ఆ షాపు ఇదివరకే చూసి ఉంటుంది. ఫోటో సంగతి వచ్చింది కాబట్టి: మన సంఘాల అలవాటు ప్రకారం శాలువా, బ్యానరు, ఫేస్‌బుక్ పోస్టు వద్దు. బీపీ పట్టీ కట్టించుకున్న మనిషి ఫోటో ఒక్కటి బయటికొస్తే ఆ షాపులో మళ్ళీ ఎవరూ చొక్కా చేయి మడవరు.

మొదటి బీపీ యజమానికే చూడండి. ఆయన చూపించుకుంటే మిగతావాళ్ళకి దారి అదే పడుతుంది. ఆయన వద్దంటే ఇంకో షాపు చూసుకోండి.

సామాను ఎక్కువ అక్కర్లేదు. పైచేతికి కట్టే ఆటోమేటిక్ మిషన్ ఒకటి తీసుకోండి. మణికట్టుకి కట్టేవి వద్దు. అమెరికన్ మెడికల్ అసోసియేషన్ వాళ్ళ "వ్యాలిడేట్ బీపీ" జాబితాలో ఉన్న మోడల్ అయితే మంచిది. దర్జీ టేపు ఒకటి, పట్టీలు మూడు సైజులు. పైచేయి మధ్యలో చుట్టుకొలత 27 నుంచి 34 సెంటీమీటర్లయితే మామూలు పట్టీ, 35 నుంచి 44 అయితే పెద్దది, 45 నుంచి 52 అయితే అన్నిటికన్నా పెద్దది. ఇక్కడే ఎక్కువమంది బోల్తా పడతారు. బాగా పెద్ద పట్టీ కట్టాల్సిన చేతికి మామూలు పట్టీ కడితే పైఅంకె 20 దాకా ఎక్కువ చూపిస్తుందని 2023లో జాన్స్ హాప్‌కిన్స్ వాళ్ళు కొలిచి చెప్పారు. తప్పుడు అంకెతో భయపెట్టి క్లినిక్‌కి పంపితే, అక్కడ మామూలుగా వస్తే, మీ మాట ఆ షాపులో ఇక చెల్లదు.

కొలిచే పద్ధతిలో షాపు ఇబ్బందులు షాపుకున్నాయి. బార్బర్ కుర్చీలో కొలవకండి. కాళ్ళు ఫుట్‌రెస్టు మీద వేలాడతాయి, నడుము వెనక్కి వాలి ఉంటుంది, చేయి మెడకు కట్టిన గుడ్డ కింద ఉంటుంది. వెయిటింగ్ కుర్చీల్లో వీపుకి ఆనుడున్నది ఒకటి లోపలి గదిలోకో టీవీకి దూరంగానో జరపండి. కటింగ్‌కి ముందు, ఆయన తన వంతు కోసం చూస్తున్నప్పుడు చేయండి. గడిచిన అరగంటలో కాఫీ, సిగరెట్టు తాగారా అని అడగండి. బాత్రూమ్‌కి వెళ్ళాల్సి ఉంటే ముందు వెళ్ళిరమ్మనండి. నిండిన మూత్రాశయం కూడా అంకె పెంచుతుంది. పాదాలు నేలకి ఆనించి, చేయి బల్ల మీద గుండె ఎత్తులో పెట్టి, అయిదు నిమిషాలు ఊరికే కూర్చోబెట్టండి. పట్టీ చర్మం మీద ఉండాలి, చొక్కా మీద కాదు. మిషన్ నడుస్తున్నంతసేపూ ఎవరూ మాట్లాడకూడదు. షాపులో ఇదే కష్టం, పక్కనుంచి ఎవరో ఒకరు జోకేస్తూనే ఉంటారు. నిమిషం ఆగి రెండోసారి కొలవండి. రెండింటి సగటు కార్డు మీద రాసి ఆయన చేతికివ్వండి. గట్టిగా చదవకండి.

180/120 దాటితే అయిదు నిమిషాలాగి మళ్ళీ కొలవండి. అప్పటికీ అంతే ఉండి, ఛాతీ నొప్పి, ఆయాసం, మాట తడబడటం, ఒకవైపు చేయో కాలో పట్టు తప్పడం, చూపు మసకబారడం లాంటివి ఏమున్నా అత్యవసర నంబరు 911కి ఫోన్ చేయండి. లక్షణాలేమీ లేకపోతే అదేరోజు డాక్టరుతో ఫోన్లో మాట్లాడించాలి. 140/90 దాటినవాళ్ళకి వారం రోజుల్లో అపాయింట్‌మెంటు, అక్కడే, మీ ఫోన్ నుంచే.

ఎక్కడికి పంపుతారో మొదటి రోజుకి ముందే తేల్చుకోండి. టెక్సాస్, జార్జియా రాష్ట్రాలు మెడికెయిడ్‌ని, అంటే తక్కువ ఆదాయం ఉన్నవాళ్ళకి ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్యబీమాని, పూర్తిగా విస్తరించలేదు. మనవాళ్ళు ఎక్కువగా ఉండే డాలస్, హ్యూస్టన్, అట్లాంటాల్లోనే పనిచేసుకుంటున్నా ఇన్సూరెన్సు లేని నల్లజాతి మగవాళ్ళు చాలామంది కనిపిస్తారు. ఆదాయాన్ని బట్టి ఫీజు తీసుకునే కమ్యూనిటీ హెల్త్ సెంటరు ఒకటి, అక్కడ ఫోనెత్తే మనిషి పేరు, బీపీకి వాడే అమ్లోడిపిన్ లాంటి జెనరిక్ మాత్ర దగ్గర్లో ఎక్కడ చవగ్గా దొరుకుతుందో, ఇవి మీ జేబులో ఉండాలి. "డాక్టర్ని కలవండి" అని చెప్పి పంపడం సలహా కిందికి రాదు.

ఇంకోటి. ముందు మాట్లాడేది మీరు కాకపోతేనే మంచిది. ఓక్లాండ్‌లో బార్బర్ షాపుల నుంచి, సంతల నుంచి నల్లజాతి మగవాళ్ళని పిలిచి చేసిన అధ్యయనంలో, నల్లజాతి డాక్టరుతో మాట్లాడినవాళ్ళే షుగరు, కొలెస్ట్రాల్ లాంటి పరీక్షలకి ఎక్కువగా ఒప్పుకున్నారు. మనసు చిన్నబుచ్చుకోవాల్సిన పని లేదు. నల్లజాతి కమ్యూనిటీ హెల్త్ వర్కర్నో, నర్సునో, ఫార్మసీ విద్యార్థినో ముందు నిలబెట్టండి. పట్టీ కట్టడం, అపాయింట్‌మెంట్లు చూడటం మీరు చేయండి.

ఏం అడగాలి, ఎలా అడగాలి

అవును, కాదు అని తేల్చగలిగే ప్రశ్న వేస్తే "ఐయామ్ గుడ్" తప్ప ఇంకేం రాదు. నేరుగా ఆయన మీదికి కాకుండా కుటుంబం మీదుగా వెళ్ళండి: "మీ నాన్నగారు ఎన్నేళ్ళు బతికారు? ఏమైంది?" దాదాపు ఎప్పుడూ దీనికి జవాబు వస్తుంది. స్ట్రోక్ అనో, కిడ్నీ డయాలిసిస్ అనో, "కింద ఏదో క్యాన్సరు, ఆయన ఎవరికీ చెప్పలేదు" అనో. ఆ చివరి జవాబు వచ్చినప్పుడు వెంటనే పరీక్షల గురించి మొదలుపెట్టకండి. "అప్పుడు మీకెంత వయసు?" అని అడిగి ఆగండి. ఆ తర్వాత పది సెకన్ల నిశ్శబ్దాన్ని మీరు భరించగలిగితే మిగతాది ఆయనే చెబుతాడు.

మందుల విషయంలో, "వేసుకుంటున్నారా?" బదులు "చాలామంది వారంలో రెండుమూడు రోజులు మర్చిపోతుంటారు, మీకెలా ఉంటోంది?" అని అడగండి. ఆయన వాడే మాటలే మీరూ వాడండి. "ప్రెషర్", "హై బ్లడ్", "షుగర్" అంటారు, మన ఊళ్ళలోలాగే. అయితే ఒక చిక్కుంది. హైపర్‌టెన్షన్ అంటే టెన్షన్ పడటం వల్ల వచ్చేది అని కొందరి అవగాహన. మనసు బాగా లేని రోజే మాత్ర వేసుకుని, తేలిగ్గా ఉన్న రోజు మానేస్తారు. అందుకే "ఈ మాత్ర ఎప్పుడెప్పుడు వేసుకుంటారు?" అని తప్పక అడగండి.

మాత్ర మానేయడానికి ఇంకో కారణం నోట రాదు: పడకగది. కొన్ని బీపీ మందుల వల్ల, ముఖ్యంగా థయజైడ్ రకం, పాత బీటా బ్లాకర్లు, అంగస్తంభన తగ్గొచ్చు. బీపీ వల్లా తగ్గుతుంది. మందు రాసేటప్పుడే మీరు ముందుగా అనేయండి: "ఈ మందుతో ఆ విషయంలో తేడా కనిపిస్తే మానేయకండి, నాకు చెప్పండి, మార్చడానికి వేరే మందులున్నాయి." ఈ ఒక్క వాక్యం చాలా మాటలకి దారితీస్తుంది. పెట్రోల్ బంకుల్లో అమ్మే "మగసత్తువ" మాత్రలు వాడుతున్నారా అని కూడా అడగండి. వాటిలో వయాగ్రా మందు రహస్యంగా కలిసి ఉండొచ్చు. గుండెనొప్పికి నైట్రేట్ మందులు వాడేవారికి అది ప్రాణాపాయం. స్తంభన సమస్య కొన్నిసార్లు గుండె జబ్బుకి ముందస్తు సూచన అని చెబితే, సిగ్గుపడాల్సిన సంగతి కాస్తా డాక్టరుకి చెప్పాల్సిన సంగతి అవుతుంది.

బీపీకి లిసినోప్రిల్ లాంటి మందు రాస్తే పెదవులు, నాలుక వాచే ప్రమాదం నల్లజాతివారిలో ఎక్కువ. అది ముందే చెప్పండి, వాస్తే మందు ఆపి వెంటనే ఎమర్జెన్సీకి వెళ్ళాలని కూడా. చెప్పకుండా జరిగితే ఆ మనిషే కాదు, ఆయన షాపు మొత్తం మీకు దూరమవుతుంది.

ప్రోస్టేటు, పెద్దపేగు

అమెరికాలో నల్లజాతి మగవాళ్ళలో ఆరుగురిలో ఒకరికి ప్రోస్టేటు క్యాన్సరు వస్తుంది. తెల్లవాళ్ళతో పోలిస్తే దానితో చనిపోయే అవకాశం సుమారు రెట్టింపు. బ్రిటన్‌లో నల్లజాతి మగవాళ్ళలో నలుగురిలో ఒకరికి వస్తుంది, అక్కడి ప్రభుత్వ ఆరోగ్యసేవ ఎన్‌హెచ్‌ఎస్‌లో పనిచేసే మనవాళ్ళు అది గుర్తుంచుకోవాలి. నల్లజాతి మగవాళ్ళతో పీఎస్‌ఏ పరీక్ష (ప్రోస్టేటు క్యాన్సరు జాడ కోసం చేసే రక్తపరీక్ష) ప్రస్తావన 45 ఏళ్ళకే తెమ్మని అమెరికన్ క్యాన్సర్ సొసైటీ చెబుతోంది. తండ్రికో అన్నదమ్ములకో చిన్నవయసులోనే వచ్చిన దాఖలాలు ఒకటికి మించి ఉంటే 40కే.

అసలు భయం మలద్వారంలోంచి వేలితో ప్రోస్టేటుని తడిమి చూసే పరీక్ష గురించి. పైకి జోకుగా వస్తుంది, నవ్వుతారు, అక్కడితో సంభాషణ ముగుస్తుంది. కాబట్టి మొదటి వాక్యంలోనే చెప్పండి: మొదలుపెట్టేది రక్తపరీక్షతోనే. పరీక్షకి ముందు రెండు రోజులు స్ఖలనం, గట్టిగా సైకిల్ తొక్కడం వద్దు. మూత్రంలో ఇన్‌ఫెక్షన్ ఉంటే తగ్గాక కొన్ని వారాలాగాలి. జుట్టు రాలకుండా ఫినాస్టరైడ్ వాడుతున్నారా అని అడగండి. బార్బర్ షాపులో ఈ ప్రశ్నకి మొహమాటం ఉండదు. ఆ మందు పీఎస్‌ఏ అంకెని సుమారు సగానికి తగ్గించి చూపిస్తుంది కాబట్టి డాక్టరుకి తెలియాలి. అంకె ఎక్కువొస్తే క్యాన్సరని కాదు, మళ్ళీ చూడాలని అర్థం. అదీ ముందే చెప్పండి. ఈ పరీక్షతో అనవసరమైన బయాప్సీలు (చిన్న ముక్క తీసి చేసే పరీక్షలు) కూడా జరుగుతాయి. దాన్ని దాచిపెట్టి ఒప్పించకండి.

అమెరికా రక్షణమంత్రిగా పనిచేసిన నల్లజాతి మాజీ సైనిక జనరల్ లాయిడ్ ఆస్టిన్ సంగతి చాలామందికి గుర్తుంటుంది. 2023 డిసెంబరు 22న ప్రోస్టేటు క్యాన్సరుకి ఆపరేషన్ చేయించుకుని, 2024 జనవరి 1న ఇన్‌ఫెక్షన్‌తో మళ్ళీ ఆసుపత్రిలో చేరి, అధ్యక్షుడికి కూడా చెప్పలేదు. తర్వాత బహిరంగంగా క్షమాపణ చెప్పారు. మాట కలపడానికి ఈ కథ పనికొస్తుంది, ఎందుకంటే ఆయన్ని ఎవరూ పిరికివాడనలేరు. "ఆయన ఎందుకు చెప్పలేదంటారు?" అని అడిగి వదిలేయండి. జవాబులు తమ గురించే వస్తాయి.

పెద్దపేగు క్యాన్సరుకి నటుడు చాడ్విక్ బోస్‌మన్ పేరు చాలు. 2016లో బయటపడింది, 2020లో 43వ ఏట పోయేదాకా అభిమానులకు తెలియదు. స్క్రీనింగ్ ఇప్పుడు 45కి మొదలవుతుంది. కొలనోస్కోపీ (కెమెరా గొట్టంతో పేగు లోపల చూసే పరీక్ష) వద్దంటే ఏటా ఇంట్లోనే చేసుకునే మలపరీక్ష కిట్టు ఉంది. తేడా వస్తే మాత్రం కొలనోస్కోపీ తప్పదు.

మనసు సంగతి

"డిప్రెషన్" అన్న మాటతో మొదలుపెట్టకండి. నిద్ర ఎలా ఉంది, కోపం త్వరగా వస్తోందా, తాగడం పెరిగిందా, ఇష్టమైన పనులు మానేశారా అని అడగండి. మగవాళ్ళలో దిగులు చాలాసార్లు చిరాకు రూపంలోనే బయటికొస్తుంది. చచ్చిపోవాలనిపిస్తోందా అని అనుమానం వస్తే సూటిగా అడగండి. అడిగితే ఆలోచన పుట్టదు. అడిగేముందే, ఆయన అవునంటే మీరు ఏం చేస్తారో, ఎవరికి ఫోన్ చేస్తారో చెప్పండి. పోలీసులు ఇంటికొస్తారేమో అన్న భయం నల్లజాతి ఇళ్ళలో ఊహ కాదు. ఆత్మహత్య ఆలోచనలున్నవాళ్ళతో మాట్లాడే 988 ఫోన్ నంబరు రాత్రింబవళ్ళు పనిచేస్తుంది. వీలైతే మీ పక్కన కూర్చోబెట్టుకునే కలపండి.

రాసుకోవడం, మళ్ళీ అడగడం

చార్టులో మీరు రాసేది 2021 నుంచి పేషెంటు తన ఫోన్లోనే చదవగలడు. నల్లజాతి పేషెంట్ల చార్టుల్లో "వినడు", "మొండి" లాంటి మాటలు చేరే అవకాశం రెండున్నర రెట్లు ఎక్కువని 2022లో షికాగో విశ్వవిద్యాలయం చూపించింది. "మందు మానేశాడు" అనే బదులు "స్తంభన సమస్య వల్ల రెండు వారాలుగా మందు ఆపారు" అని రాయండి. కారణం రాస్తే తర్వాతి డాక్టరుకి దారి దొరుకుతుంది, ఆయన చదివినా అవమానం ఉండదు.

తిండి దగ్గర తొందరపడకండి. వేయించిన చికెన్, పందిమాంసం వేసి వండిన ఆకుకూరలు వాళ్ళ అమ్మమ్మ చేతి వంట. ఆవకాయ మానేయమన్న డాక్టరు మాట మనం ఎంత విన్నామో గుర్తు తెచ్చుకోండి. ఉప్పు ఎక్కడ ఎక్కువ చేరుతోందో ఆయన్నే అడిగి ఒక్కదాన్నే ఎంచుకోమనండి. తరచుగా అది ఇంటి వంటలో కాదు, ప్యాకెట్ మసాలాలోనో బయటి తిండిలోనో తేలుతుంది. భార్యో చెల్లెలో పక్కన ఉంటే వాళ్ళకి నమస్కారం చెప్పండి, ప్రశ్న మాత్రం ఆయన్నే అడగండి.

కార్డు ఇచ్చిన మూడో రోజో నాలుగో రోజో ఒక మెసేజ్ పెట్టండి. అందులో బీపీ, ప్రోస్టేటు లాంటి మాటలు రాయకండి. ఆ ఫోను ఇంకెవరైనా చూడొచ్చు. "మొన్న షాపులో కలిశాం, గురువారం పదింటికి అపాయింట్‌మెంటు, బండి కావాలా?" అంటే చాలు. ఆయన వెళ్ళకపోతే ఎందుకు వెళ్ళలేదని అడగకండి, ఏ రోజైతే కుదురుతుందని అడగండి. రెండుసార్లు మెసేజ్ పెట్టినా జవాబు రాకపోతే వెంటపడకండి. రెండుమూడు వారాల్లో మళ్ళీ కటింగ్‌కి వస్తాడు. ఆ రోజు మీ కుర్చీ ఆ మూలే ఉండాలి, సరిపోయే సైజు పట్టీతో సహా.